సర్ విలియం హేలీ: జీవితము, రచనలు

విద్య పట్టముతో ముగియునది కాదని పెద్దలు చెప్పుదురు. అందులకు నిదర్శనముగ నింగ్లండు దేశపు పత్రికారచయిత సర్ విలియం హేలీగారి చరిత్రమును మే మిచట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

వీరు 1901 మే 24వ తేదీన జెర్సీ ద్వీపమున జన్మించిరి. విశ్వవిద్యాలయమున చదివినవారు కారు. మొదటి ప్రపంచయుద్ధకాలమున నోడలపై తంతిలేని వార్తలు పంపు నుద్యోగము చేసి, పిమ్మట లండనునందలి 'టైమ్స్' కార్యాలయమున టెలిఫోను వార్తలను షార్టుహాండులో వ్రాసికొను చిన్న పనిలో చేరిరి. 1922లో 'మాంచెస్టర్ ఈవెనింగ్ న్యూస్' విలేఖరియై, 1930 నాటికి దాని నిర్వాహక సంపాదకులైరి. ఆ సాయంకాలపత్రికను చదువు సామాన్యజనులకై 'జోసెఫ్ సెల్' అను మాఱుపేరుతో మంచి గ్రంథములనుగూర్చి వ్యాసములు వ్రాసిరి.

1943లో బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషనులో ప్రవేశించి, 1944లో డైరెక్టర్ జనరల్ పదవి నధిష్ఠించిరి. వ్యాసములం దారంభించిన పనినే యిచట పెద్దయెత్తున సాగించిరి. 1945లో వినోదమునకై 'లైట్ ప్రోగ్రాము'ను, 1946 సెప్టెంబరు 29న నుత్తమ సంగీత నాటకోపన్యాసములకై 'థర్డ్ ప్రోగ్రాము'ను నెలకొల్పిరి. ఈ రెంటికి నడుమ పూర్వమునుండి యున్న 'హోం సర్వీసు' నిలిచెను. వినోదమునకై వచ్చిన శ్రోత మెట్టు వెంబడి మెట్టుగ పై కెక్కవలెనని వారి యాశయము.

పై మెట్టునకు చేరినవారు కొలదిమందియే. 1957లో థర్డ్ ప్రోగ్రాము కాలము తగ్గింపబడెను. 1970లో నా పేరే యంతరించెను. టెలివిజనుపై హేలీగారు తగినంత శ్రద్ధ చూపలేదను విమర్శయు గలదు. అది నిరాధారము కాదు.

1952 మొదలు 1966 వఱకు వారు 'టైమ్స్' సంపాదకులుగ నుండిరి. ప్రకటనలతో నిండియుండు దాని మొదటి పుటపై వార్తలు ముద్రించు మార్పు 1966 మే 3న వారి కాలముననే జరిగెను. అంతటి కార్యభారమునందును 'ఆలివర్ ఎడ్వర్డ్స్' అను పేరుతో గ్రంథవ్యాసములు వ్రాయుట మానలేదు. అవి 1957లో 'టాకింగ్ ఆఫ్ బుక్స్' అను సంపుటముగ వెలువడెను. 1987 సెప్టెంబరు 6న వారు దివంగతులైరి.

ఎక్కినవారి సంఖ్యనుబట్టి మెట్ల విలువ కట్టరాదని మా తలంపు. తాను స్వయముగ చదువుకొన్న యొక గుమాస్తా, తనవంటివా రెవ్వరికైన నుత్తమవిద్య యందునని నమ్మి, అధికారము లభించినపుడు దానికి త్రోవ యేర్పఱచెను. ఆ త్రోవ తెఱచియుండుటయే యొక మహోపకారము. పఠనాలయములను, పాఠశాలలను పోషించు దాతలు దీని నాలోచింతురుగాక!