తోట వైకుంఠం

తోట వైకుంఠం (జననం 1942) తెలంగాణ పల్లె స్త్రీ ముఖాన్ని ఆధునిక భారతీయ చిత్రకళలోకి తెచ్చిన చిత్రకారుడు. పుట్టింది కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో. హైదరాబాదు లలితకళల కళాశాలలో చదివి, ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ ఫెలోషిప్‌తో 1971లో బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చిత్రకళ, ముద్రణకళ నేర్చుకున్నారు. బొగ్గు, నీటిరంగులు, అక్రిలిక్ మూడూ వాడారు. కాగితం మీద మిశ్రమ మాధ్యమంలోనూ బొమ్మలు వేశారు.

సుబ్రహ్మణ్యన్ తన విద్యార్థులను జానపద కళల వైపు, చేతిపనుల వైపు చూడమనేవారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ కూడా ఇదే బరోడాలో చదివి తన పల్లెనే గీతలో పెట్టారు. సిద్దిపేటలో కాపు రాజయ్య (1925–2012) అప్పటికే బోనాలనూ బతుకమ్మనూ చిత్రాలుగా మలుస్తున్నారు. రాజయ్య ఊరి పండుగను గుంపుగా చూపించారు. వైకుంఠం గుంపులోంచి ఒక్క మనిషిని దగ్గరికి పిలిచి, ఆమె ముఖం ముందు ఆగిపోయారు.

ఆ ముఖానికి రెండు మూలాలున్నాయని ఆయన చెబుతారు. మొదటిది కన్నతల్లి. రెండోది చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చిన నాటక బృందాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లు. ఈ రెండో మూలాన్ని చాలామంది పట్టించుకోరు కానీ, బొమ్మల్లోని నిండైన అలంకరణకూ, పక్కకు తిరిగి నిలిచిన ఆ భంగిమకూ సగం కారణం అదేనని నాకు అనిపిస్తుంది.

ఒక బొమ్మను దగ్గరగా చూడాలి. ముఖం పక్కవాటుగా ఉంటుంది. నుదురు విశాలం. దాని మీద పెద్ద కుంకుమ బొట్టు. కనురెప్పలు సగం వాలి ఉంటాయి, ముక్కుకు పుడక, మెడలో పూసలు, కొప్పులో పూలు. చీర అంచు గళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా గీసినవే. జుట్టు కోసం పక్కపక్కనే సన్నని గీతలు వందలుగా సాగుతాయి. వెనక గోడ, చెట్టు, పొలం ఏమీ ఉండవు, ఒకే రంగు పరిచి ఉంటుంది. ఎరుపు, కాషాయం, పసుపు వంటి తేటరంగులే ఆయనకిష్టం. రెండు రంగులు కలిపి తీసిన మూడోరంగు మన చుట్టూ సహజంగా కనిపించదని ఆయన అభిప్రాయం. ఒంటి రంగు మాత్రం నలుపు, ముదురు గోధుమ. పత్రికల ముఖచిత్రాల్లో తెల్లని ఒళ్లే అందమై కూర్చున్న కాలంలో ఇది చిన్న నిర్ణయం కాదు.

ఈ స్త్రీలను వెతుక్కుంటూ ఎక్కువ దూరం పోనక్కర్లేదు. బూరుగుపల్లి ఉన్న ఉత్తర తెలంగాణలోనే నిజామాబాద్ జిల్లా ఆర్మూరు ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తొమ్మిది నెలల పంట. సంక్రాంతి దాటాక తవ్వకం మొదలవుతుంది. దుంపల్ని విరిచి కాడి (పొడవాటి కొమ్ములు) వేరు, గోళ (గుండ్రటి తల్లిదుంపలు) వేరు చేసేది ఎక్కువగా ఆడకూలీలే. ఆ తర్వాత ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగుపెట్టి మార్కెట్‌కు తోలుతారు. పని రోజుల్లో వాళ్ల గోళ్లూ అరచేతులూ పసుపు రంగులోనే ఉంటాయి. వైకుంఠం ఆర్మూరు బొమ్మలు వేశారని చెప్పడం నా ఉద్దేశం కాదు. నల్లని ఒళ్లు, పచ్చని చేతులు, ఎర్రని బొట్టు ఈ నేల మీద రోజూ కనిపించేవే, ఆయన వాటిని కల్పించలేదు.

ఆయన బొమ్మల్లోని ఆధ్యాత్మికత కూడా ఇక్కడిదే. విభూతి రేఖలు, నామాలు పెట్టుకున్న పూజారుల్ని ఆయన చాలాసార్లు వేశారు. అయితే భక్తి వాళ్ల దగ్గరే ఆగదు. పోచమ్మ గుడి రాయికి పూసేదీ పసుపే, బతుకమ్మ మీద గౌరమ్మను చేసేదీ పసుపు ముద్దతోనే. నిజామాబాద్ ఊర పండుగలో గ్రామదేవతల చెక్క విగ్రహాల్ని ఆషాఢంలో ఊరేగిస్తారు. దేవతకూ ఇంటి ఆడమనిషికీ ఒకే పసుపు, ఒకే కుంకుమ. అందుకే ఆయన గీసిన కూలిమనిషి ముఖంలో దేవత నిబ్బరం కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆ ముఖానికి మొదటి మూలం తల్లి. ఆ తల్లితనం గురించి మాట్లాడాలంటే సినిమా దగ్గరికి రావాలి. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ (1988)కి కళాదర్శకుడు వైకుంఠమే. నిజాం కాలంలో దొర నివాసమైన గడీలో దాసిగా బతికే కమలాక్షి ఆ దొర వల్ల గర్భవతి అవుతుంది, ఆ గర్భాన్ని ఉంచుకునే హక్కు ఆమెకు ఉండదు. కమలాక్షిగా నటించిన అర్చనకు ఉత్తమ నటిగా, వైకుంఠానికి ఉత్తమ కళాదర్శకుడిగా జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఆయన కాన్వాసుల మీద నిండుగా అలంకరించుకుని కూర్చున్న స్త్రీలను చూసి ‘పల్లె ఇంత సుఖంగా ఉందా?’ అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ గడీ గోడల మధ్య తల్లి కాలేకపోయిన ఆడదాని లోకాన్ని కట్టి చూపించిందీ ఆయన చేతులే. బొమ్మల్లోని ఆ నిండుదనం కష్టం తెలియక వేసింది కాదు. దొర ముందు తల దించుకు నిలబడ్డ మనిషికి ఆయన ఇచ్చిన గౌరవం అది.

1993లో చిత్రకళకు జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆ తర్వాత పేరు దేశమంతా, వేలంశాలలదాకా పాకింది. పేరుతో పాటు నకళ్లూ పెరిగాయి. హోటళ్ల గోడల మీద, చేతిసంచుల మీద, పెళ్లికార్డుల మీద బొట్టూ పూసలూ మాత్రమే మిగిలి, ముఖంలోని ఆలోచన పోయింది. ఆయన శైలిలోనే ఆ ప్రమాదం ఉందని ఒప్పుకోవాలి. ఒకే ముఖం పదేపదే వస్తే కంటికి అలవాటైపోతుంది, అసలు బొమ్మల్లోనూ కొన్ని ఆ అలవాటు నుంచి తప్పించుకోలేదు.

బొగ్గు చిత్రాల్లో ఈ ఇబ్బంది లేదు. అక్కడ ఎరుపు లేదు, నగల మెరుపు లేదు. గీత ఒక్కటే ముఖాన్ని మోస్తుంది, వాలిన రెప్ప కింద అలసట దాగదు. వైకుంఠాన్ని కొత్తగా చూడబోయేవారు ముందు ఆ బొగ్గు గీతలు చూడండి, రంగుల బొమ్మల దగ్గరికి తర్వాత రండి.