కీగల్‌ కంటే ముందు

కీగల్‌ ఎక్సర్‌సైజులు అన్న మాట ఇప్పుడు రీల్స్‌లో కూడా వినిపిస్తోంది. ఫిజియోథెరపిస్టుగా నేనూ రోజూ వాడే మాటే. ఆర్నాల్డ్‌ కీగల్‌ అమెరికన్‌ గైనకాలజిస్టు. 1948లో ఆయన వ్యాసం అచ్చయింది. పేరు ఆయనది కాబట్టి మొదలు కూడా ఆయనతోనే అనుకుంటాం.

మోకాళ్లూ భుజాలూ చూసే పని వదిలి నేను ఇటు మళ్లినప్పుడు, ఈ దారి మొదట ఎవరు నడిచారో చూద్దామనిపించింది. వెతుక్కుంటూ పోతే 1894 నాటి లండన్‌లో తేలాను. మసాజ్‌ పేరుతో వ్యభిచార గృహాలు నడుస్తున్నాయని ఆ ఏడు బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌ రాసింది. నిజంగా మసాజ్‌ వైద్యం చేసి బతికే ఆడవాళ్లకు తలెత్తుకోలేని పరిస్థితి. నలుగురు నర్సులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. నేటి బ్రిటన్‌ ఫిజియోథెరపిస్టుల సంస్థకు మూలం అదే. వాళ్లలో రోజలిండ్‌ పాజెట్‌ మంత్రసాని కూడా. డాక్టరు చెప్పందే చెయ్యి వెయ్యకూడదు, మగవాళ్లకు మామూలుగా చేయకూడదు లాంటి నియమాలు రాసుకున్నారు. అంటే ‘ఎవరేమనుకుంటారో’ అన్న భయం మా వృత్తికి పుట్టుకతోనే ఉంది. ఆ భయం ఇంకా పోలేదు. మా చదువులో కటి కండరాల పాఠం ఒక్క గంటలో ముగిసింది.

అయినా ఆ వృత్తిలోంచే ఒకావిడ వచ్చింది, మిన్నీ రాండెల్‌. నర్సు, మంత్రసాని, సెయింట్‌ థామస్‌ ఆసుపత్రిలో మసాజ్‌ స్కూలు నడిపే మనిషి. అప్పట్లో బాలింతల్ని రోజుల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. పడుకునే చేయగల వ్యాయామాలు తయారుచేయమని 1912లో ఫెయిర్‌బెయిర్న్‌ అనే ప్రసూతి వైద్యుడు ఆమెను అడిగాడు. తర్వాత ఆమెతో మార్గరెట్‌ మోరిస్‌ అనే నర్తకి కలిసింది. కటి కండరాలను బిగించి వదలడం గురించి, దానితో మూత్రం ఆపుకోలేకపోవడాన్ని అరికట్టడం గురించి మోరిస్‌ 1936లోనే రాసింది. కీగల్‌ కంటే పన్నెండేళ్ల ముందు! ఒళ్లు లోపలి కదలిక గురించి నర్తకికి తట్టడంలో వింతేముంది?

కీగల్‌ని తక్కువ చేయడం లేదు. ఈ కండరం కంటికి కనపడదు, ‘బిగించండి’ అంటే సగంమంది పిరుదులో పొట్టో బిగిస్తారు. ఆయన యోనిలో పెట్టే ఒక సాధనం చేశాడు. సరిగ్గా బిగిస్తే బయట మీటరు ముల్లు కదులుతుంది. తన బలం తనే చూసుకోవచ్చు. అది గొప్ప ఊహే. కాకపోతే లోకం ముల్లు కనిపెట్టినవాణ్ణి గుర్తుపెట్టుకుంది, మంచం పక్కన నిలబడి నేర్పినవాళ్లను మరిచిపోయింది. అదే 1948లో బ్రిటన్‌లో హెలెన్‌ హెర్డ్‌మన్‌ చొరవతో ప్రసూతి ఫిజియోథెరపిస్టుల సంఘం పుట్టిందన్నది ఏ రీల్‌లోనూ రాదు.

మన దగ్గర గర్భసంచి తీసేయడం దాకా వేగంగా వెళ్తాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో అది తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. బాలింత పొట్టకు గుడ్డ బిగించి కడతాం గానీ, కింది కండరాల ఊసెత్తం.

నా దగ్గరకు నడుం నొప్పి అనే వస్తారు. మూడో సిట్టింగ్‌లో, వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి అసలు సంగతి చెప్తారు. ఎన్నాళ్లుగా అంటే, “మా చిన్నోడు పుట్టినప్పట్నుంచి మేడమ్‌” అంటారు. చిన్నోడు అప్పటికి ఇంజినీరింగ్‌ చదువుతుంటాడు.