రంగు వెనకాల లెక్క

భూకంపాలను తట్టుకునేలా కట్టడాలు ఎలా ఉండాలో చెప్పే కోడ్ ఐఎస్ 1893 మా స్ట్రక్చరల్ ఇంజనీర్లకు పంచాంగం లాంటిది. ఊరి పేరు వినగానే అందులోని మ్యాపులో రంగు చూసి, జోన్ నంబరు పట్టుకుని, పిల్లర్లలో ఇనుము ఎంతో తేలుస్తాం. ఇన్నేళ్లుగా ఆ మ్యాపును వాడుతున్న నాకు దాని అంకెలకన్నా దాని చరిత్రే ఎక్కువ నేర్పింది.

1934 భూకంపంలో బీహార్ కుప్పకూలాక, మరుసటి ఏడే జియలాజికల్ సర్వే దేశానికి తొలి భూకంప మ్యాపు గీసింది. కోడ్ 1962లో వచ్చింది. అప్పటి పద్ధతి సూటిగా ఉండేది: గతంలో ఎక్కడ గట్టిగా ఊగిందో అక్కడ పెద్ద జోన్. దక్కన్ గట్టి రాతినేల, కదలదని ధీమా. 1967 మార్చిలో ఒంగోలు 5.4 తీవ్రతతో కదిలింది. డిసెంబరులో మహారాష్ట్రలోని కొయ్నా భూకంపం అంతకన్నా పెద్ద దెబ్బ తీసింది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7. 1970లో మ్యాపును తిరగరాసి ఐదు జోన్లు చేశారు.

1993 సెప్టెంబరు 30. గణేశ్ నిమజ్జనం ముగించుకుని మహారాష్ట్రలోని కిల్లారి జనం పడుకున్నారు. తెల్లవారకముందే మట్టీ రాళ్లతో కట్టిన మందపాటి గోడలు వాళ్లమీద పడ్డాయి. వేలమంది పోయారు. ఆ ఊరు మ్యాపులో మొదటి జోన్, అంటే అన్నిటికన్నా భద్రమైనది! 2002లో ఆ మొదటి జోన్‌నే ఎత్తేసి రెండోదానిలో కలిపేశారు. దక్కన్‌లో భూమి ముందు కదిలింది, మ్యాపు తర్వాత మారింది.

ఈ వెనకబాటుకు విరుగుడు గణాంకశాస్త్రంలో అప్పటికే ఉంది. తీవ్రత ఒక అంకె పెరిగితే భూకంపాల సంఖ్య దాదాపు పదో వంతుకు పడిపోతుందని 1944లో భూకంప శాస్త్రవేత్తలు గూటెన్‌బర్గ్, రిక్టర్ చూపించారు. అంటే, ఎవరికీ తెలియకుండా పోయే చిన్న కంపాలను ఓపికగా లెక్కపెడితే, పెద్దవి ఎన్నేళ్లకోసారి రావచ్చో అంచనా కట్టొచ్చు. 1968లో కార్నెల్ అనే ఇంజనీర్ మరో అడుగు వేశాడు. చుట్టుపక్కల ఉన్న భూకంప మూలాలన్నిటినీ, వాటి దూరాలనూ కలిపి, ఈ స్థలంలో నేల ఫలానా మోతాదు దాటి ఊగే అవకాశం ఏడాదికెంతో లెక్కగట్టాడు.

ఈ పద్ధతికీ ఓ బలహీనత ఉంది. దక్కన్‌లో పెద్ద భూకంపాల మధ్య ఎడం చాలా ఎక్కువ, మన రికార్డుల వయసేమో తక్కువ. అందుకే వచ్చిన అంకెను అటూ ఇటూ కొంత వదులుతోనే చదవాలి.

ఈ లెక్కలో ఇంజనీర్లు తరచూ వాడే అంకె 475 ఏళ్లు, అంటే అంత ఊపు సగటున అన్నేళ్లకోసారి అని. అది విన్న బిల్డర్ ఒకాయన “అయితే మన మనవళ్లకు కూడా భయం లేదన్నమాట” అన్నాడు.

“గడువు కాదండీ అది. ఏటా 475లో ఒక వంతు అవకాశం. యాభై ఏళ్లు నిలబడే ఇంటికి అది పది శాతం దాకా చేరుతుంది” అన్నాను.

హైదరాబాద్ రెండో జోనే అయినా, కింద పార్కింగ్ వదిలి ఆయన కడుతున్న అపార్టుమెంటు పిల్లర్లకు రింగులు దగ్గరదగ్గరగా కట్టించాకే కాంక్రీటు పోయనిచ్చాను.