దోక్కుపోయిన మోకాలు: గాయాల చికిత్సలో మారిన ఆలోచనలు

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• చర్మం దోక్కుపోయిన గాయాల చికిత్స ఎలా మారుతూ వచ్చిందో వివరించగలుగుతారు.
• వాడుకలో ఉన్న నమ్మకానికీ, పరీక్షకు నిలిచిన జ్ఞానానికీ తేడా గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

చరిత్ర రాజులకూ యుద్ధాలకూ మాత్రమే పరిమితం కాదు. మోకాలి మీది పాత మచ్చకూ ఒక చరిత్ర ఉంటుంది. నేను అనకాపల్లిలో పెరిగాను. గంట లెక్కన అద్దె సైకిలు తెచ్చుకుని, సీటు అందక అడ్డతొక్కుడుతో నేర్చుకున్న తరం మాది. బెల్లం మార్కెట్టుకు వచ్చే ఎడ్లబళ్ళతో రోడ్డు నిండిపోయేది. పడితే కంకర మీదో, పేడ మీదో పడేవాళ్ళం. మోకాలు దోక్కుపోయి ఇంటికి వస్తే నాయనమ్మ పసుపు అద్దేది. కాంపౌండరు గారు టింక్చరు రాసేవారు. స్నేహితులు గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పిండేవారు. "నీళ్ళు తగలనివ్వకురా, చీము పడుతుంది" అన్న మాట మాత్రం అందరిదీ.

మా వీధిలోనే ఒక కుర్రవాడు ఇలాగే పడి, నెత్తురు ఆగడానికి రోడ్డు మీది మట్టి అద్దుకుని ఊరుకున్నాడు. కొన్ని రోజులకు దవడలు బిగుసుకుపోయాయి. ధనుర్వాతం అన్నారు. వాడు బతకలేదు. చిన్న దెబ్బకు ఏం చెయ్యాలన్న ప్రశ్న చిన్నది కాదని ఆనాడే తెలిసింది.

2. పసుపు, తేనె, పసరు

సుశ్రుత సంహిత వ్రణాలకు అరవై రకాల ఉపచారాలు చెప్పింది. వాటిలో తేనె, నెయ్యి వాడకం ముఖ్యమైనది. తేనెలోని చక్కెర సాంద్రత క్రిములను పెరగనివ్వదని నేటి శాస్త్రం కూడా అంగీకరిస్తుంది. గడ్డిచామంతి కథ వేరు. మన పొలం గట్ల మీద ఎక్కడ చూసినా కనిపించే ఈ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతం. అంటే మనం "అనాదిగా వస్తున్నది" అనుకునే ప్రతి చిట్కా అంత పాతది కాకపోవచ్చు.

పసుపు విషయం అంతర్జాతీయ వివాదం దాకా వెళ్ళింది. గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతిపై 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చారు. భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో దాన్ని సవాలు చేసి, పాత గ్రంథాల ఆధారాలు చూపింది. 1997లో అమెరికా పేటెంటు కార్యాలయం ఆ హక్కులను తిరస్కరించింది. ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. ఆ వివాదంలో తేలింది పసుపు వాడకం కొత్తది కాదని మాత్రమే. వంటింటి డబ్బాలోని పసుపు పచ్చి పుండుకు మంచిదని అది రుజువు చెయ్యలేదు.

3. క్రిమి సిద్ధాంతం

1865లో గ్లాస్గోలో బండి చక్రం కింద పడి కాలు విరిగిన 11 ఏళ్ళ బాలుడి గాయానికి జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో కట్టు కట్టాడు. చీము పట్టకుండా గాయం మానింది. గాలిలోని సూక్ష్మజీవుల వల్లే పదార్థాలు కుళ్ళుతాయన్న పాశ్చర్ ఆలోచన దీనికి మూలం. లిస్టర్ ఫలితాలు 1867లో వెలువడ్డాయి. తరవాతి కాలంలో టింక్చరు అయోడిన్, ఎర్రమందుగా మనకు తెలిసిన మెర్క్యురోక్రోమ్ ఇంటింటికీ చేరాయి. మంట పుడితేనే మందు పనిచేస్తున్నట్టు అన్న నమ్మకం స్థిరపడింది. అయితే ఘాటైన మందులు క్రిములతో పాటు కొత్తగా పుట్టే చర్మ కణాలనూ దెబ్బతీస్తాయని క్రమంగా తేలింది. ఎర్రమందులో పాదరసం కూడా ఉంది.

ధనుర్వాతానికి కారణమైన క్రిమిని 1884లో నికొలయర్ మట్టిలో గుర్తించాడు. 1889లో కిటసాటో దాన్ని వేరుచేసి పెంచాడు. దాని బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. ఎడ్లబళ్ళు తిరిగే మా ఊరి రోడ్డు మట్టి పుండుకు ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించవచ్చు. 1920లలో టాక్సాయిడ్ టీకా వచ్చింది. మన దేశంలో 1978లో మొదలైన టీకాల కార్యక్రమం తరవాతి కాలంలో పల్లెలకు విస్తరించింది.

4. పక్కు కట్టాలా?

పుండు ఆరి పక్కు కడితే మానినట్టేనని తరతరాలుగా అనుకున్నాం. 1962లో జార్జ్ వింటర్ పందుల చర్మంపై చేసిన ప్రయోగంలో, గాలికి వదిలిన గాయాల కంటే కప్పి తడిగా ఉంచిన గాయాలపై కొత్త పొర దాదాపు రెట్టింపు వేగంతో కమ్ముకుంది. ఎండిన పక్కు కొత్త కణాల దారికి అడ్డు వస్తుంది.

అందుకే నేటి పద్ధతి ఇలా ఉంటుంది. శుభ్రమైన గుడ్డతో అదిమి నెత్తురు ఆపాలి. తాగే నీటితో ధారగా కడిగి, ఇసుక, కంకర నలుసులు తీసెయ్యాలి. అవి లోపలే ఉండిపోతే చీము పట్టవచ్చు, నల్లమచ్చలు మిగలవచ్చు. తరవాత పెట్రోలియం జెల్లీ పలచగా రాసి, అంటుకోని కట్టు కట్టి రోజూ మార్చాలి. మురికి గాయమై, చివరి ధనుర్వాతపు టీకా వేయించుకుని అయిదేళ్ళు దాటితే, లేదా ఎప్పుడు వేయించుకున్నదీ గుర్తులేకపోతే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గాయం లోతుగా ఉన్నా, ఎరుపు, వాపు, సలుపు పెరుగుతున్నా ఆలస్యం చెయ్యకూడదు.

5. సారాంశం

పైపై గాయాలు చాలావరకు వాటంతట అవే మానుతాయి. అందుకే ఏది రాసినా ఆ మందుకే పేరు వస్తుంది. ఒకదాని తరవాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. చరిత్ర విద్యార్థికి ఇది ముఖ్యమైన పాఠం. నాయనమ్మ పసుపు, కాంపౌండరు గారి టింక్చరు, రెండూ ప్రేమతో పెట్టినవే. మా వీధి కుర్రవాడికి కావలసినవి మాత్రం బిందెడు మంచినీళ్ళు, ఒక టీకా.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పసుపు పేటెంటు వివాదంలో తేలిందేమిటి? తేలనిదేమిటి?
2. "పుండుకు నీళ్ళు తగలకూడదు" అన్న నమ్మకం ఎలా పుట్టి ఉంటుంది? మీ ఇంట్లో పెద్దలను అడిగి పది వాక్యాలలో రాయండి.