పుస్తకం నుంచి కంప్యూటరుకు: మన లెక్కల కథ

ఏటేటా ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని అంకెలు చదువుకుంటాము. ఆ అంకెలు ఏ పెట్టెలో నుంచి వస్తాయి, ఆ పెట్టె చెడిపోతే ఎవరు బాగుచేస్తారు అనేది మాత్రం ఎప్పుడూ రాసుకోలేదు. ఈసారి రాస్తున్నాము.

2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో మన చిత్తూరు ఒకటి. అప్పట్లో వెంకటగిరికోటలో మన లెక్కంతా నోటు పుస్తకాల్లోనే. తీర్మానాల పుస్తకం, పొదుపు లెడ్జరు, అప్పుల లెడ్జరు, సభ్యురాలి చేతిలో పాసుపుస్తకం. ఊర్లో చదువుకున్న పిల్ల ఎవరుంటే ఆమే బుక్‌కీపరు. అంకె తప్పుపడితే కొట్టేసి, పక్కన సరిగా రాసి, సంతకం పెట్టేది. తప్పూ కనిపించేది, దిద్దిందెవరో కూడా కనిపించేది.

2002లో మన పక్కనే కుప్పంలో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అని మూడేండ్ల పథకం పెట్టినారు. ఊర్లల్లో సమాచార కేంద్రాలు వచ్చినాయి. సంఘాల ఆడవాళ్లు కొందరు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే ప్రింటరు పట్టుకుని ఊరూరా ఫోటోలు తీసి సంపాదించినారు. వాళ్లను చూసినాకే మాకూ కంప్యూటరంటే బెదురు పోయింది. పథకానికి గడువు మూడేండ్లే, లెక్కలకు మాత్రం గడువుండదు అనేది అప్పుడు మాకు తోచలేదు.

తర్వాత మన ఆఫీసుకూ కంప్యూటరు వచ్చింది. తెలిసిన పిల్లోడొకడు మన లెడ్జరు ఎట్లుందో అట్లే తెరమీద కనపడేటట్టు ప్రోగ్రాం రాసిచ్చినాడు. పని బాగానే చేసినాడు, ఆ మాట ఒప్పుకోవాల. 2004లో వచ్చిన పావలా వడ్డీకి తగినట్టు రాసినాడు. బ్యాంకు రూపాయి వడ్డీ వేస్తే, కంతు సరిగా కట్టినోళ్లకు ముప్పావలా ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. పదివేల అప్పు మీద నెలకు వంద రూపాయల వడ్డీలో డెబ్బై ఐదు వెనక్కి వచ్చేది, సభ్యురాలి మీద పడేది ఇరవై ఐదే.

2012లో వడ్డీలేని రుణాలు వచ్చినాయి. సరిగా కట్టినోళ్లకు వడ్డీ మొత్తం ప్రభుత్వమే ఇచ్చేటట్టు పెట్టినారు. మన ప్రోగ్రాంలో మాత్రం ఆ పావలా లోపలెక్కడో నాటుకుని ఉంది. మార్చుకునేదానికి తెరమీద గడి లేదు. పిల్లోడేమో బెంగళూరులో ఉద్యోగానికి పోయినాడు. ఫోనెత్తితే “వచ్చే ఆదివారం వస్తా అక్కా” అనేవాడు. పాస్‌వర్డు వాని దగ్గరే, రాసిన ప్రోగ్రాం అసలు ప్రతి వాని ల్యాప్‌టాప్‌లోనే. ఇంకొకతన్ని పిలిస్తే, ఇంకొకరు రాసింది నేను ముట్టను, కొత్తది రాసిస్తా అన్నాడు. ఫ్యానుకు, బీరువాకు బడ్జెట్‌లో డబ్బు పెట్టిన మేము దీని రిపేరుకు ఒక్క రూపాయి పెట్టలేదు.

అట్ల నెలలు గడిచినాయి. కంతులన్నీ కట్టిన ఒక సభ్యురాలి పేరు మీద నెలనెలా పావలా పోగయ్యి బాకీ చూపించింది. మీటింగులో నలుగురి ముందర ఆమెను నిలబెట్టి అడిగినారు. అడిగింది వేరెవరో కాదు, మేమే. ఆమె ఏమీ అనకుండా ఇంటికి పోయి, రేకు డబ్బాలోని పాసుపుస్తకం తెచ్చి మా ముందర పెట్టింది. కంతు కంతుకూ సంతకం ఉంది.

ఆ పొద్దు నుంచి టమోటా పనులు ముగించుకుని సాయంత్రాలు కూర్చుని, పాత లెడ్జర్లు ముందర పెట్టుకుని ఖాతాలన్నీ చేత్తో సరిచూసినాము. తీర్మానాల పుస్తకంలో ఆమెకు క్షమాపణ రాసినాము. ఆ కిందే ఇంకొన్ని రాసినాము: ప్రోగ్రాం ఎవరు రాసిచ్చినా అసలు ప్రతి సమాఖ్య బీరువాలో ఉండాల, పాస్‌వర్డు ఇద్దరు పదాధికారులకు తెలియాల, ఏడాదికి రిపేరు ఖర్చు ముందే మాట్లాడుకోవాల, నెలాఖరున లెడ్జరు కాగితం మీద తీసి పెట్టాల. పిల్లోడు చివరికి ఒక పండక్కి ఊరికొచ్చి అసలు ప్రతి ఇచ్చిపోయినాడు. వానిమీద మాకు కోపం లేదు. రాతకోతలు లేకుండా పని చేయించుకున్నది మేము.

ఇప్పుడు లెక్కలు ఫోను యాప్‌లోకి పోయినాయి. వడ్డీ మారితే పైనే మారుస్తారు, ఏ పిల్లోని వెంటా పడక్కరలేదు. పేరులో ఒక అక్షరం తప్పుపడితే మాత్రం మండలం నుంచి జిల్లాకు రాసి ఎదురుచూస్తాము. అందుకే పాసుపుస్తకాలు మానలేదు.

మార్చి నెలాఖరున బీరువాలోని పాత ప్రతిని కంప్యూటరులో పెట్టి, అది నిజంగా తెరుచుకుంటుందో లేదో చూడాలని అనుకున్నాము. కంప్యూటరు చదివిన కూతుళ్లు, కోడళ్లు ఉంటే ఆ రోజు వెంట తీసుకురండి.