పగడపు దిబ్బను కాపాడిన చూపు

పగడమనగానే మనకు నవరత్నములు స్ఫురించును. ఉంగరమున పొదిగిన ఎఱ్ఱని పూస కన్నులకు కట్టును. ఆ ఎఱ్ఱపగడము ముఖ్యముగ మధ్యధరా సముద్రమున దొరకునది. కడలిలో దిబ్బలు కట్టు పగడములు వేరు జాతివి. ఆవగింజలవంటి చిన్న జీవులు గుంపులుగ చేరి, సముద్రజలములోని సున్నమును గ్రహించి, తమ చుట్టు గూళ్లు కట్టుకొనును. తరములు గడచిన కొలది గూటిమీద గూడు పెరిగి దిబ్బలగును. అట్టి నిర్మాణములలో జగత్తున కెల్ల పెద్దది ఆస్ట్రేలియా దేశమున, క్వీన్స్‌లాండు తీరము వెంట, సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్న గ్రేట్ బారియర్ రీఫ్.

నేడు ఏటేట లక్షలాది యాత్రికులు అచటికి పోవుచున్నారు. కన్నులకు, ముక్కునకు అద్దపు తొడుగు ధరించి, నోట ఊపిరిగొట్టము నుంచుకొని, నీటిపై బోరగిలి తేలుచు క్రింది వింతలను చూచుచున్నారు. దీనినే స్నార్కెలింగు అందురు. ఇది వట్టి వినోదమని మనకు తోచవచ్చును. కాని ఆ దిబ్బల చరిత్రను పరిశీలించినచో, వాటి రక్షణలో ఈ అద్దపు చూపునకు ఎంత పాలున్నదో తెలియగలదు.

తీరవాసులైన ఆదిమజాతుల వారికి ఆ సముద్రము వేల యేండ్ల పరిచయము. ఐరోపా నావికులకు మాత్రము అది మృత్యుముఖముగ కనబడెను. 1770వ సంవత్సరము జూన్ 11వ తేదీ రాత్రి, జేమ్స్ కుక్ నడపుచున్న 'ఎండెవర్' నౌక ఒక పగడపు దిబ్బపై చిక్కుకొనెను. బరువు తగ్గించుటకై ఆరు ఫిరంగులతో పాటు టన్నుల కొలది సామగ్రిని కడలిపాలు చేసిరి. దాదాపు ఒక దినమునకు నౌక విడివడెను. ఒడ్డు చేర్చి చూడగా, అడుగున పడిన గండిలో విరిగిన పగడపు ముక్క యొకటి ఇరుకుకొని నీటిని కొంత అడ్డగించియుండెను. 1969లో ఆ ఫిరంగులను వెలికి తీయునాటికి వాటిపై పగడము దట్టముగ పేరుకొనియుండెను.

పిమ్మట శాస్త్రజ్ఞుల వంతు వచ్చెను. 1928లో సి. ఎం. యంగ్ నాయకత్వమున బ్రిటిష్ శాస్త్రజ్ఞుల బృందము లో ఐల్స్ అను చిన్న దీవులకు వచ్చి, ఏడాదికాలముండి, పగడముల ఆహారమును, ఎదుగుదలను పరిశోధించెను. 1954లో గ్రీన్ ఐలండున నీటి అడుగున కిటికీలుగల గది నిర్మింపబడెను. ఈతరానివారును మెట్లు దిగి చేపలను చూడగలిగిరి. క్రమముగ ముఖపుటద్దములు, ఊపిరిగొట్టములు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చెను.

వాటి విలువ 1967లో తేటపడెను. ఎల్లిసన్ రీఫ్ అను దిబ్బను త్రవ్వి, చెఱకు పొలములకు సున్నము తీయుటకు ఒకరు అనుమతి కోరిరి. ఆ దిబ్బ చచ్చినదే కావున త్రవ్వినను నష్టము లేదనిరి. చిత్రకారుడు జాన్ బస్ట్, కవయిత్రి జూడిత్ రైట్, వారి మిత్రులు అడ్డుచెప్పిరి. కాని మాట చాలదు, సాక్ష్యము కావలెను. అప్పుడు క్వీన్స్‌లాండులోని విద్యార్థులు, ఔత్సాహికులు కొందరు నీట మునిగి లెక్క తీసిరి. చచ్చినదన్న దిబ్బపై 88 జాతుల పగడములు, 190 జాతుల చేపలు కనబడెను! అనుమతి నిరాకరింపబడెను. చమురు వెదకుటకును అట్టి ప్రతిఘటనయే ఎదురయ్యెను. తుదకు 1975లో రక్షణ చట్టము వచ్చెను; 1981లో యునెస్కో ఆ దిబ్బలను ప్రపంచ వారసత్వ సంపదగ గుర్తించెను. మన దేశమునను మన్నారు సింధుశాఖలో సున్నమునకై చిరకాలము పగడములను త్రవ్విరి. 2001లో దిబ్బలు కట్టు పగడములు వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చబడెను.

అయినను నేటి ఆపదను ఏ ఒక్క దేశపు చట్టమును తనంతట ఆపజాలదు. పగడపు జీవి దేహములో కంటికి కనబడని నాచు వసించుచు దానికి ఆహారమును, రంగును ఇచ్చుచుండును. సముద్రము మితిమీరి వేడెక్కినచో పగడము ఆ నాచును వెడలగొట్టి తెల్లబారును. వేడి త్వరలో తగ్గినచో కోలుకొనును. లేనిచో ఆకలితో నశించును. 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరములలో గ్రేట్ బారియర్ రీఫ్ పెద్దయెత్తున ఇట్లు తెల్లబారెను. నడుమ కోలుకొను గడువు తగ్గిపోవుచున్నది.

కావుననే అచటి అధికారులు యాత్రికులను పగడమును తాకవద్దని, దానిపై నిలువవద్దని హెచ్చరించుటతో ఆగక, చూచినదానిని తమకు తెలుపుడని కూడ కోరుచున్నారు. ఈ దిబ్బ బ్రతికియున్నదా, చచ్చినదా అన్నది 1967 నాటి ప్రశ్న. ప్రతి వేసవిని నేడు అదే ప్రశ్న మరల పుట్టుచున్నది. ఒడ్డున నిలిచి దానికి బదులు చెప్పజాలము. నీటిలో ముఖముంచి చూడవలసినదే.