రాతిమీది అక్షరము, యంత్రములోని అక్షరము

1949లో రొబెర్తో బూసా అను ఇటలీ దేశపు మతగురువు, థామస్ అక్వినాస్ రచనలలోని పదములన్నిటికి సూచిక కూర్చుటకై ఐ.బి.ఎం. సంస్థవారి యంత్రముల సాయము కోరెను. సాహిత్య చరిత్రల పరిశోధనలో కంప్యూటరు ప్రవేశమునకు అది నాంది. నాటినుండి పండితులలో రెండు పక్షములు కలవు. మనిషి జీవితకాలమున చదువజాలని గ్రంథరాశిని యంత్రము క్షణములలో వెదకి ఇచ్చునని ఒక పక్షము. వెదకుట వేరు, గ్రహించుట వేరని రెండవ పక్షము. ఈ వాదమును మన రాయలసీమ రాళ్లయొద్దకు తెచ్చి చూతము.

కడప జిల్లాలోని రేనాటి చోడుల శాసనములు తెలుగు భాషకు తొలి సాక్ష్యములు. ఎఱ్ఱగుంట్ల ప్రాంతమందలి కలమళ్ల శాసనము క్రీ.శ. 575 నాటిదని సాధారణముగా చెప్పుదురు. రేనాటి శాసనములలో నేటి వర్ణమాలలో లేని 'ఴ' అను అక్షరము కలదు. కాలక్రమమున అది పలు మాటలలో 'డ'గా మారినది. 'చోఴ' శబ్దమే 'చోడ' అయినది. కంప్యూటరులో లిపులకు సంకేతములు నిర్ణయించు యూనికోడ్ పట్టికలో తెలుగు 1991లోనే చేరినను, ఈ అక్షరమునకు 2014 వరకు చోటు దొరకలేదు. అంతవరకు దాని స్థానమున మరొక అక్షరమునో గుర్తునో ఉంచుకొనవలసి వచ్చెను. 'ఴ'కు మారుగా 'డ' వ్రాసిన పాఠములో ఎంత వెదకినను, ఆ ధ్వని ఎప్పుడు మారినదో యంత్రము చెప్పజాలదు.

కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలోని అశోకుని శాసనములలో మరియొక చిక్కు కలదు. బ్రాహ్మీ లిపి ఎడమనుండి కుడికి నడచును. కాని అచటి లఘుశాసనమున కొన్ని పంక్తులు, సేద్యగాడు చాలు చివర మడక త్రిప్పినట్లు, కుడినుండి ఎడమకు సాగును. ఆ సంగతి తెలిసినవాడు ముందుగా చెప్పనిచో యంత్రము చదివినది అర్థరహితమగును.

ఇంతమాత్రమున యంత్రము వలదనరాదు. ప్రక్కనుండి వెలుతురు పడునట్లు తీసిన ఛాయాచిత్రములలో అరిగిన అక్షరములు సయితము తేటపడును. పూర్వము కడపలో సి.పి. బ్రౌను పండితులను నియమించి తాళపత్రప్రతులను సరిపోల్చి పాఠభేదములను పరిశీలింపజేసెను. యంత్రమునకు ఎక్కించు పాఠమునకును అదే నియమము వర్తించునని మా అభిప్రాయము: మార్చినది ఏదో పేర్కొనవలెను, మూలచిత్రమును ప్రక్కన నిలుపవలెను.

అన్నిటికంటె ముందు మూలము నిలువవలెను. మన ఊరి గుడిలో శాసనముండిన, దానిపై సున్నము పడకుండ చూచుట మన వంతు. రాయి చెడినచో ప్రతిలోని తప్పును దిద్దుటకు మరి ఆధారము లేదు.